సిమ్ లేని ఫోను

"వంటయినాక ఇది కొంచెం చూడు," అని జయరాజు ల్యాప్‌టాప్ సంచిని వంటింటి గట్టు మీద, తరిగిన ఉల్లిగడ్డల పక్కన పెట్టాడు. అప్పటికే తెల్లచొక్కా వేసుకుని బైబిలు చంకలో పెట్టుకున్నాడు. తల దువ్వుకున్న దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది. ఝాన్సీ తల ఎత్తలేదు. ఆ కొంచెం ఎంతో ఆమెకు తెలుసు. ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదలయ్యే ఆ కొంచెం, చర్చిలో ఆరాధన ముగించుకుని వాళ్లు ఒంటిగంటకు ఇల్లు చేరేలోపల అయిపోవాలి. ఆలోపలే కోడికూర ఉడకాలి, చారు కాగాలి, రెండున్నరేళ్ల పాపకు నీళ్లు పోయాలి. వాకిట్లో అత్త సువార్తమ్మ చెప్పులు వేసుకుంటూ పక్కింటామెతో చెబుతున్న మాట వంటింట్లోకి బాగానే వినబడింది. "మా కోడలికి ఆదివారమొస్తే చాలు, పొయ్యి ఇడ్సి రాదు. దేవుని సన్నిధికి రమ్మంటే ఏదో ఒక పని గుర్తుకొస్తాది." జయరాజుకూ ఆ మాట వినబడే ఉంటుంది. ఆదివారాలు ఈమె ఏం చేస్తోందో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఒక్కనాడూ నోరు విప్పలేదు. "ఆఫీసు కోడు బయటోళ్లకు చూపించేది తప్పు. అమ్మకు గూడా చెప్పొద్దు," అని మొదట్లోనే అన్నాడు. ఆ మాటలో బయటోళ్లెవరో ఝాన్సీకి అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

అది రెండువేల తొమ్మిది. హిందూపురంలో వాళ్లది మూడు గదుల ఇల్లు. జయరాజు బెంగళూరులో, ఫోన్లలో నడిచే అప్లికేషన్లు తయారు చేసే చిన్న కంపెనీలో ఇంజనీరు. సోమవారం తెల్లారి రైలుకు పోయి, ఐదు రోజులు రూములో ఉండి, శనివారం సాయంత్రం ఇల్లు చేరేవాడు. ఝాన్సీ ఏ ఉద్యోగమూ చేయడంలేదని అందరూ అనేవారు. అనంతపురంలో ఎంసీఏ ఇద్దరూ ఒకే తరగతి. సీ భాషలో పాయింటర్లంటే బెదిరిపోయి పరీక్ష ముందురోజు లైబ్రరీ మెట్ల మీద కూర్చున్న జయరాజుకు, కాగితం మీద గళ్లు గీసి, ఇది ఇల్లు, ఇది ఇంటి అడ్రసు, రెండూ ఒకటి కాదు అని విడమరిచి చెప్పింది ఝాన్సీనే. బెంగళూరులో ముందు ఉద్యోగం దొరికింది ఆమెకే. జీతమూ ఆమెదే ఎక్కువ. రెండున్నరేళ్లు ఆమె పనల్లా ఒక్కటే, ఉన్నట్టుండి ఆగిపోయే అప్లికేషన్లు ఎందుకాగుతున్నాయో వెతకడం. పెళ్లయిన మూడోనాడు సువార్తమ్మ, మగోన్ని పట్టుకుని నువ్వు నువ్వు అంటే నాలుగిళ్లోళ్లు నగుతారనింది. ఆరేళ్లుగా నువ్వు అని పిలిచిన మనిషిని ఆ రోజు నుంచి మీరు అనడం అలవాటు చేసుకుంది. కడుపుతో ఉన్నప్పుడు, ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాల్సి వస్తాదని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆ ఒకరు ఎవరని ఎవరూ అడగలేదు. ఝాన్సీ కూడా అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే కోపం.

పాపకు ఏడో నెలలో మొదటిసారి ఆయన ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టినప్పుడు మాత్రం ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పాలడబ్బాలు, గుడ్డలు, అత్త మోకాళ్లకు నూనె, వీటి మధ్య ఆ నల్లటి తెర మీద అక్షరాలు చూసేసరికి పుట్టింటివాళ్లు కనబడ్డట్టు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు గంటల్లో తప్పు పట్టేసింది. "భలే పట్టినావే," అని ఆయన భుజం తట్టాడు. ఆ తట్టు చాలా రోజులు గుర్తుపెట్టుకుంది. తర్వాత నెలకొకసారి, ఆపైన వారం వారం. మొదట్లో చూస్తావా అనేవాడు. రెండో ఏటికి చూడు అన్నాడు. ఆఫీసులో ఆయనకు సీనియర్ అని హోదా పెరిగింది. ఎంత మొండి క్రాష్ అయినా సోమవారానికి జయరాజు తేల్చేస్తాడని పేరొచ్చింది. మిఠాయి డబ్బా ఇంటికి తెచ్చిన రోజు సువార్తమ్మ ముందుగా దేవునికి స్తోత్రం చెప్పి, తర్వాత కొడుక్కు ముద్దు పెట్టింది. ఝాన్సీ ఆ డబ్బా విప్పి అందరికీ పంచింది.

ఈసారి తెచ్చింది మూడు వారాలుగా తేలనిది. ఒక సేవాసంస్థ పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో నలభై మంది ఆరోగ్య కార్యకర్తలకు మీటలున్న ఫోన్లు ఇచ్చింది. ఇల్లిల్లూ తిరిగి గర్భిణీల పేరు, నెలలు, రక్తం, బీపీ ఆ ఫోన్లో రాస్తే, అది బెంగళూరు పోయి, ఏ తల్లికి ప్రమాదముందో ఆసుపత్రివాళ్లకు తెలిసేలా ఏర్పాటు. ఆ అప్లికేషన్ జయరాజు రాసింది. ఆఫీసులో చక్కగా నడుస్తుంది. పల్లెల్లో మాత్రం సగం రాసేసరికి ఠక్కున మూసుకుపోతుంది, రాసిందంతా పోతుంది. అందరికీ కాదు, ఎప్పుడూ కాదు. అదే చిక్కు.

ఇట్లాంటివి ఎందుకొస్తాయో ఝాన్సీకి కొత్త కాదు. ఫోను మెమరీ అంటే లోపల వరసగా ఉన్న చోట్లు. అప్లికేషన్ తనకు కావలసినప్పుడు ఒక చోటు అడిగి తీసుకుంటుంది, పని అయిపోయాక తిరిగి ఇచ్చేస్తుంది. ఇచ్చేశాక ఆ అడ్రసు మర్చిపోవాలి. మర్చిపోకుండా పాత అడ్రసు పట్టుకుని మళ్లీ పోతే రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఆ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే పాతవే అట్లే ఉంటాయి, ఏ గొడవా కనబడదు. వేరే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే మాత్రం, ఇది నీది కాదని ఫోను ఆ అప్లికేషన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. అందుకే ఇవి ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. ఝాన్సీ కోడులో అడుగడుగునా ఒక గుర్తు రాసేట్టు పెట్టింది, ఎక్కడ ఆగిందో ఆ గుర్తుల్ని బట్టి తెలుస్తుందని. ఆయన తెచ్చిచ్చిన పరీక్ష ఫోన్లో వందసార్లు వివరాలు నింపింది. పాప వచ్చి ఒళ్లో కూర్చుంటే పాప వేలితోనే నొక్కించింది. ఒక్కసారీ ఆగలేదు. మూడు ఆదివారాలు అట్లే గడిచాయి.

మూడో ఆదివారం అన్నం తింటూ జయరాజు, ఇంక దాన్ని వదిలెయ్యమన్నాడు. రిపోర్టు రాసి పంపించేశాడట. ఏమని రాశారని ఝాన్సీ అడిగింది. "ఉన్నదే రాసినా. ఫోను నొక్కేది రాని ఆడోళ్లకు ఇస్తే ఇట్లే ఉంటాది. పదకొండు మంది ఫోన్లే ఆగుతాండాయి. ఆ పదకొండు మందికి చదువు చాలదు, వాళ్లను మార్చమని రాసినా." సువార్తమ్మ ఇంకొంచెం కూర వేసుకుంటూ, నిజమేలే, అందరికీ అన్నీ రావు అంది. ఝాన్సీ ముద్ద పళ్లెంలోనే వదిలేసింది. ఏది నొక్కినా ఆగకుండా ఉండేట్టు రాయాల్సిన పని రాసినవాడిది. ఆ సంగతి ఈ మనిషికి లైబ్రరీ మెట్ల మీద తానే చెప్పింది.

ఆ వారమే పెనుకొండలో ఝాన్సీ నాయన ఆశీర్వాదానికి కంటి ఆపరేషన్ అయింది. రైల్వేలో కీమన్‌గా పట్టాలెంట నడిచి నడిచి రిటైరైన మనిషి, ఒంటిగా ఉంటాడు. నాలుగు రోజులకని ఝాన్సీ పాపను తీసుకుని పోయింది. పరీక్ష ఫోనునూ ల్యాప్‌టాప్‌నూ బట్టల మధ్య పెట్టుకుంది. రిపోర్టు పోయిందిగా, ఆఫీసులో వేరే కంప్యూటరుంది, ఆ వారానికి వాటితో జయరాజుకు పనిలేదు. ఆశీర్వాదానికి కంట్లో చుక్కలు వెయ్యడానికి పూటపూటా వచ్చేది నాగక్క. అదే వీధి. ఝాన్సీ గౌను వేసుకుని తిరిగేనాటి నుంచీ తెలిసిన మనిషి. ఇప్పుడు ఆరోగ్య కార్యకర్త. చుక్కలు వేసి, నడుముకు దోపుకున్న ఫోను తీసి మంచం మీద పెట్టి, "దీంతో నా మానం పోతాందిమ్మే ఝాన్సీ," అంది. ఆ పదకొండు మందిలో నాగక్క ఒకతె.

మరునాడు పొద్దున నాగక్క వెంట ఝాన్సీ కూడా పోయింది. ఊరి చివర మంజుల అనే పిల్ల, ఎనిమిదో నెల, కాళ్లు వాచి ఉన్నాయి. నాగక్క పట్టీ కట్టి బీపీ చూసి, వేలు తడబడకుండా మీటలు నొక్కుతోంది. పేరు, వయసు, ఎన్నో కాన్పు. నొక్కేది రాదని రాసింది ఈమె గురించేనా అనుకుంది ఝాన్సీ. బీపీ దగ్గరికొచ్చేసరికి ఫోను మోగింది. నాగక్క మొగుడు గంగాధర. యాడుండావు, ఎవురింట్లో, పక్కన ఎవురుండారు, ఆ గొంతెవురిది, ఎప్పుడొస్తావు. నాగక్క అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, ఫోను పెట్టేసి, మళ్లీ మీట నొక్కింది. తెర ఒక్కసారి నల్లబడి, అప్లికేషన్ మూసుకుపోయింది. మంజుల పేరూ లేదు, బీపీ లేదు. నాగక్క నిట్టూర్చి మొదటి నుంచీ మొదలుపెట్టింది.

ఝాన్సీ ఇంటికొచ్చి నాయనను మంచం మీద కూర్చోబెట్టి, ఆయన ఫోను చేతికిచ్చింది. నాగక్క ఫోన్లో సగం వివరాలు రాస్తాను, అప్పుడు దానికి ఫోన్ చెయ్యమంది. మొదటిసారి చేయించి వెంటనే కట్ చేసింది. అప్లికేషన్ ఏమీ కాలేదు. రెండోసారి ఎత్తి పెట్టింది. ఏం మాట్లాడాలని నాయన అడిగాడు. ఏదో ఒకటి మాట్లాడమంది. కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న ఆ ముసలాయన కాసేపు ఆలోచించి, చాకర్లపల్లి, మాలుగూరు, హిందూపురం అని తాను నడిచిన లైనులో స్టేషన్లన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. గౌరీబిదనూరు దాటాక ఝాన్సీ ఫోను పెట్టేసి మీట నొక్కింది. తెర నల్లబడింది. మళ్లీ చేయించింది. మళ్లీ నల్లబడింది. ఆరుసార్లు చేయిస్తే ఐదుసార్లు.

పక్కన గడప మీద కూర్చుని చూస్తున్న నాగక్క, "ఇదేముందమ్మే, మేము మొదట్నుంచీ చెప్తానే ఉండాం కదా," అంది. "ఊరికే కట్ చేస్తే ఏం గాదు, మాట్లాడితేనే పోతాది. ఆ మాట మాకు నేర్పించనీకి వచ్చిన సారుకే చెప్పినా. మీ ఆయనేనంట కదా. నగినాడు. ఫోనుకు ఫోను రాక ఇంకేమొస్తాదమ్మా అన్నాడు. మా పదకొండు మందివీ ఇట్లే. మొగుళ్లు గంటకోసారి చేస్తారు. ఈ ఫోను రాకముందు ఆ బాధ లేకపోయె. యశోదమ్మది చూడు, ఒక్కనాడు ఆగలా. పాపం ఆయమ్మ మొగుడు పోయి రెండేండ్లాయ." రిపోర్టులో యశోదమ్మ పేరు ఝాన్సీ చూసింది. శ్రద్ధగా నేర్చుకున్న కార్యకర్తకు ఉదాహరణగా ఆమెను మెచ్చుకుంటూ ఒక వాక్యం ఉంది.

ఝాన్సీ ల్యాప్‌టాప్ తెరిచింది. ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలుసు కాబట్టి అర్ధగంట కూడా పట్టలేదు. ఫోన్ కాల్ వచ్చి అప్లికేషన్ వెనక్కి పోగానే, మెమరీ మిగులుతుందని జయరాజు ఆ వివరాల ఫారం చోటును తిరిగి ఇచ్చేస్తున్నాడు. అడ్రసును మాత్రం చెరపలేదు. కాల్ ముగిసి మనిషి తిరిగొచ్చాక ఆ పాత అడ్రసుకే పోతోంది. రెండు క్షణాల కాల్ అయితే ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంటుంది. మూడు నిమిషాలైతే వేరేవాళ్లు చేరిపోతారు. ఆఫీసులో ఎందుకు రాలేదో, తన వంటింట్లో ఎందుకు రాలేదో కూడా తెలిసింది. ఆ పరీక్ష ఫోన్లలో సిమ్ లేదు. పనిలో ఉన్న మనిషిని మధ్యలో ఎవరో పిలుస్తారనే ఆలోచన రాసినవాడికి రాలేదు. ఆయన పనిలో ఉంటే ఎవరు పిలుస్తారు? తలుపు దగ్గరికేసి, పాప ఏడ్చినా నాయనకు పనుంది అని సముదాయిస్తారు. తాను మాత్రం ఈ మూడేళ్లలో మొదలుపెట్టిన ఏ పనినీ మధ్యలో లేవకుండా చేసి ఎరగదు. అయినా తనకూ ముందే తోచలేదు. ఝాన్సీ ఐదు వరసలు మార్చింది. ఫారంలో రాసినవి దాచిపెట్టి, అడ్రసు చెరిపి, తిరిగొచ్చినప్పుడు కొత్త చోటు అడిగి మళ్లీ నింపేట్టు రాసింది. తన సిమ్‌ను పరీక్ష ఫోన్లో వేసి, నాయనతో స్టేషన్లు మళ్లీ చెప్పించింది. ఒక్కసారీ ఆగలేదు.

శనివారం హిందూపురంలో జయరాజుకు చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, "అంతేనా?" అన్నాడు. అంతే అంది. ఇంక ఆ రిపోర్టు వెనక్కి తీసుకోవాలని కూడా చెప్పింది. చూస్తాంలే అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ల్యాప్‌టాప్ గట్టు మీదికి రాలేదు. పని ఏమీ లేదు కాబట్టి వంట తొందరగా ముగించి, పాపను ఎత్తుకుని ఝాన్సీ చర్చికి పోయింది. అప్పటికే పాటలయిపోయి, దేవుడు తమకేం మేలు చేశాడో సాక్ష్యాలు చెబుతున్నారు. ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చుంది. ముందు మైకు పట్టుకున్నది జయరాజు. మూడు వారాలు ఎవరికీ అంతుబట్టని సమస్య ఆఫీసులో ఉండిందనీ, ఉద్యోగానికే ముప్పొచ్చేట్టుంటే తాను మోకరించి ప్రార్థన చేశాననీ, ప్రభువు తప్పు ఉన్న వరసను కళ్లముందు పెట్టి చూపించాడనీ చెప్పాడు. గొంతు కూడా గద్గదమైంది. జనం హల్లెలూయా అన్నారు. సువార్తమ్మ కళ్లొత్తుకుంది. పక్కన కూర్చున్నామె ఝాన్సీ చెయ్యి నొక్కి, మంచి మొగుడు దొరికినాడమ్మా అంది. ఝాన్సీకి దేవుడంటే నమ్మకమే. ఆ వరసలు చూపించింది ఎవరో దేవునికి తెలుసుననీ నమ్ముతుంది. తెలిసీ ఆయన ఎందుకూరుకుంటున్నాడన్నదే ఆ పూట మనసులో ముల్లయి కూర్చుంది. జయరాజు మైకు ఇచ్చేసి వెనక్కి తిరిగేటప్పుడు ఆమెను చూశాడు. ఒక్క క్షణం మొహం మాడింది. తర్వాత పాప వైపు చూసి నవ్వాడు.

పది రోజులకు నాయన ఫోన్ చేశాడు. నాగక్క ఫోను తీసేసుకున్నారట. పదకొండు మందివీ తీసేసుకున్నారట. చదువుకున్నోళ్లను పెడతామని చెప్పారట. నాగక్క మొగుడు నలుగురి ముందర, నీకెందుకే ఈ పనులని నేను ముందే చెప్పలేదా అన్నాడట. కంట్లో చుక్కలు వేయడానికి మాత్రం ఆమె రోజూ వస్తూనే ఉందట. మంజుల సంగతి ఝాన్సీ అడిగింది. ఆ పిల్ల ఇంటికి పోయేవాళ్లు ఇప్పుడెవరూ లేరన్నాడు.

శనివారం జయరాజు వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చోగానే అడిగింది. మార్చిన కోడు అందరి ఫోన్లకూ పంపించాననీ, దాన్ని కొత్త హంగు అని రాశాననీ చెప్పాడు. తప్పు దిద్దినట్టు రాయలేదు. మరి ఆ రిపోర్టు అంటే, వదిలెయ్యమన్నాడు.

"దాన్ని వెనక్కి తీసుకుంటే తప్పెవరిదని అడుగుతారు. ఆ కోడు రాసింది నేనే కదా."

"పదకొండు మంది పని పోయింది, జయరాజూ. వాళ్లు నీకు చెప్పినారు. నువ్వు నగినావు."

ఆ నువ్వు ఆమెకు తెలియకుండానే వచ్చేసింది. వెనక సువార్తమ్మ చేతిలో చెంబు గట్టిగా కిందపెట్టింది. జయరాజు గొంతు తగ్గించాడు.

"వాళ్లకు నెలకేమన్నా జీతమా? ఇంత పెద్ద ఇల్లు నడిచేది నా ఉద్యోగంతో. నీకేం తెలుసని మాట్లాడతావు? నువ్వు ఇంట్లో కూర్చుని చూసింది ఎవరికి కావాల?"

ఇంట్లో కూర్చుని అన్న మాట దగ్గరే ఝాన్సీ ఆగిపోయింది. మూడేళ్లలో కూర్చున్న ఘడియలు లెక్క పెట్టడానికి చూసింది. ఆ ల్యాప్‌టాప్ ముందు తప్ప వేరే ఎక్కడా కూర్చున్నట్టు గుర్తుకు రాలేదు.

కంపెనీలో ఆ ప్రాజెక్టు చూసుకునే ఈశ్వరి మేడం నంబరు రిపోర్టు కిందనే ఉంది. సోమవారం పాప నిద్రపోయాక ఫోన్ చేసింది. అవతలి మనిషి మొదట ఇంగ్లీషులో పొడిగా మాట్లాడింది. ఝాన్సీ తానెవరో చెప్పి, ఆ క్రాష్ ఎందుకొస్తోందో నాలుగు మాటల్లో చెప్పింది. విన్నాక ఈశ్వరి, "మీది యాడమ్మా?" అని తెలుగులో అడిగింది. పెనుకొండ అంటే, మాది ధర్మవరం అంది. గురువారం అమ్మను చూడ్డానికి వస్తున్నాననీ, చేతనైతే ఇంటికి రమ్మనీ చెప్పింది.

నాయనను చూసొస్తానని చెప్పి పాపను తీసుకుని ఝాన్సీ రైలెక్కింది. పెనుకొండలో దిగి పాపను నాయన దగ్గర వదిలి, తర్వాతి బండికి ధర్మవరం పోయింది. పక్కింట్లో మగ్గం ఆడుతున్న సందులో చిన్న మిద్దె. ఈశ్వరికి నలభై పైనే ఉంటాయి, జుట్టు ముందర నెరిసింది. ఝాన్సీ తన దగ్గరే ఉండిపోయిన పరీక్ష ఫోన్లో చేసి చూపించింది, పాత కోడుతో ఒకసారి, కొత్త కోడుతో ఒకసారి. ఈశ్వరి తల్లి మంచం మీద కూర్చుని వాళ్లకోసం ఫోన్లో ఊరికే మాట్లాడి పెట్టింది. అంతా చూశాక ఈశ్వరి దాచుకోకుండా చెప్పింది.

"ఆ రిపోర్టు మీద సంతకం పెట్టింది నేనే, ఝాన్సీ. ఆడోళ్లకు రాదు అని రాసుంటే నేను గూడా నమ్మేసినా. ఒక ప్రశ్న అడగలా. ఇప్పుడు మార్చాలంటే నా నోటిమాట చాలదు, నువ్వు రాసియ్యాల. రాసిస్తే మీ ఆయన కోడు బయటికి తెచ్చినట్టు తేలుతాది. ఉద్యోగం ఉంటాదో పోతాదో నేను చెప్పలేను. నీకు ఉద్యోగం ఇప్పిస్తానని గూడా చెప్పలేను. ఇంటికి పోయి ఆలోచించుకో, నేనేం అనుకోను."

ఇంటికి పోతే ఆలోచించుకునే వీలుండదని ఝాన్సీకి తెలుసు. పోగానే బియ్యం కడగాలి. ఇక్కడే రాస్తానంది. ఈశ్వరి ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చిచ్చింది.

ఈ తప్పును నేను కనిపెట్టాను అని మొదటి వరస రాసింది. రెండేళ్లుగా లోపల అణిగి ఉన్న వాక్యం, చెయ్యి ఎంత సులువుగా రాసిందో. రాసి చూసుకుంటే కాగితం మీద ఆ అక్షరాలు ఎంతో బాగున్నాయి. రెండో వరసకు పోబోతూ ఆగింది. గడప మీద కూర్చున్న నాగక్క మొహం కళ్లముందుకొచ్చింది. మాట్లాడితేనే పోతాది అని ఎంత తేటగా చెప్పింది. ఏ కాల్‌కు ఆగుతుంది, ఏ కాల్‌కు ఆగదు, ఎవరి ఫోన్ ఎందుకాగదు, అన్నీ చెప్పింది. ఆ మాట విన్నాక కోడులో వరస వెతకడం ఎంత పని? జయరాజు నవ్వి వదిలేశాడు. తాను నవ్వలేదు, అంతే తేడా. ఆ మాట తీసుకుని, తనదిగా రాసుకోబోయింది. చర్చిలో మైకు ముందు నిలబడ్డ మనిషికీ, ఈ కాగితం ముందు కూర్చున్న తనకూ మధ్య ఒక్క వరసే ఎడం ఉందని తెలిసేసరికి చెవులు వేడెక్కాయి. ఆ వరసను అడ్డంగా కొట్టేసింది. ఈశ్వరి వేరే కాగితం ఇవ్వబోతే వద్దంది, కొట్టేసింది కూడా కనబడనీ అంది.

ఈ తప్పును కనిపెట్టి మొదటి నెలలోనే చెప్పినది పెనుకొండ ఆరోగ్య కార్యకర్త నాగక్క, అని రాసింది. ఆమె చెప్పిన మాటను పట్టుకుని కోడులో ఆ చోటు వెతికి సరిచేసినది ఝాన్సీ, తండ్రి పేరు ఆశీర్వాదం, అని రాసింది. ఆ కోడు ఎవరు రాశారో, చెప్పినప్పుడు ఎవరు వినలేదో, ఆఫీసు పని రెండేళ్లలో ఎన్నిసార్లు ఇంటికి వచ్చిందో, ఏ ఏ క్రాష్‌లు తాను తేల్చిందో గుర్తున్నంతవరకు రాసింది. వెనక పేజీ కూడా నిండింది. సంతకం పెట్టి, కాగితం ఈశ్వరి చేతికిచ్చి తిరుగు రైలెక్కింది.

మూడు వారాలు పట్టింది. రిపోర్టు మార్చారు. పదకొండు మందిలో తొమ్మిది మందికి ఫోన్లు తిరిగి ఇచ్చారు. మిగతా ఇద్దరూ అప్పటికే హిందూపురం దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరిపోయారు, ఇంక రామన్నారు. ఫోను చేతికి రాగానే నాగక్క ముందుగా పోయింది మంజుల ఇంటికి. బీపీ బాగా పెరిగి ఉంటే తానే ఆటోలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రిలో చేర్చింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఆ కబురు చెప్పడానికి నాగక్క చేసిన కాల్ పది నిమిషాలు సాగింది. జయరాజు ఉద్యోగం పోలేదు. రాతపూర్వకంగా హెచ్చరించి, సీనియర్ అన్న మాట తీసేసి, వేరే టీములో వేశారు. ఝాన్సీకి కంపెనీ నుంచి ఒక్క ముక్క రాలేదు.

ఆ శనివారం ఆయన వచ్చేసరికి సువార్తమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. ఫోన్లో అప్పటికే చెప్పి ఉంటాడు. మొగుని అన్నం తిని మొగుని మీదనే రాసే ఆడదాన్ని నా జన్మలో చూడలేదని, ఝాన్సీకి వినబడేట్టు గోడకు చెప్పింది. జయరాజు బూట్లు విప్పి, మూలన పెట్టి, వంటింటి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఝాన్సీ పాపకు అన్నం తినిపిస్తోంది.

"ఆ కాగితంలో నా పేరు గూడా రాసినావంట."

"రాసినా."

"యాడ రాసినావు?"

ఝాన్సీ పాప మూతి తుడిచి తలెత్తి చూసింది.

"ఫోనొస్తే ఆగిపోయే ఆ వరసలు రాసింది ఎవరు అనే చోట. దాంట్లో నువ్వు చేసిన పని అదొక్కటే కదా."